లారీ డిఫరెన్షియల్: కూత పెట్టే బేరింగ్ ఒక్కటా, సెట్టు మొత్తమా?

గాజువాక ఆటోనగర్‌లో డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) దించిన ప్రతిసారీ లారీ యజమాని అడిగేది ఇదే: "శబ్దం చేస్తున్న బేరింగ్ ఒక్కటే మారిస్తే సరిపోదా?" కొన్నిసార్లు సరిపోతుంది. సీలు పోయి నీరు చేరడం వల్ల ఒకవైపు సైడ్ బేరింగ్ తుప్పు పట్టిందనుకోండి. డ్రెయిన్ ప్లగ్ (నూనె దించే బిరడా) అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద తప్ప మరేమీ అంటలేదు. మిగతావాటిని డీజిల్‌తో కడిగి వెలుతురులో చూస్తే రోలర్లు అద్దంలా మెరుస్తున్నాయి. అలాంటప్పుడు కోన్ (రోలర్లున్న లోపలి భాగం), కప్పు (బయటి వలయం) కలిపి ఆ ఒక్కటే మార్చండి. పాత కప్పులో కొత్త కోన్ మాత్రం వేయనివ్వకండి.

బేరింగ్ పెచ్చులూడి ఉంటే సంగతి వేరు. ఊడిన ఆ ఉక్కు ఎక్కడికి పోయింది? నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఈ ప్రశ్నే. క్రౌన్ వీల్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) తిరుగుతూ నూనెను హౌసింగంతా చిమ్ముతుంది, దాంతోపాటే ఆ పలుకులనూ. అవి మిగతా బేరింగ్‌లలో రోలర్‌కూ ట్రాక్‌కూ మధ్య నలిగి సన్నని నొక్కులు పెడతాయి. తర్వాతి పెచ్చు లేచేది ఆ నొక్కు దగ్గరే. పైకి బాగానే కనిపించే బేరింగ్‌ను నేను నమ్మలేకపోవడానికి కారణం ఇదే.

పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) దగ్గర ఇది మరీ ముఖ్యం. ఈ గేర్ల నిష్పత్తి 6.83 అయితే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి పినియన్ దాదాపు ఏడు చుట్లు తిరుగుతుంది. దాని రెండు టేపర్ బేరింగ్‌లకూ ప్రీలోడ్ (వదులు లేకుండా ముందే ఇచ్చే బిగింపు) ఇచ్చేది ఒకే నట్టు. అందులో ఒకటి పాతదైతే బిగించిన రోజు కొలత సరిగ్గానే ఉంటుంది. పోర్టు నుంచి బొగ్గు, స్టీల్ ప్లాంటు నుంచి కాయిల్స్ మోసేకొద్దీ, అరకు ఘాట్ ఎక్కేకొద్దీ పాతది అరిగి ప్రీలోడ్ పోతుంది. పినియన్ కదులుతుంది, పళ్ల ఒరిపిడి అంచుకు జరుగుతుంది. అలా పళ్లు పాడైతే క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. ఆ ఖర్చు ముందు బేరింగ్‌ల ఖర్చు చిన్నది.

అందుకే పెచ్చు కనిపిస్తే నా ఓటు మొత్తం బేరింగ్‌ల సెట్టుకే, పినియన్ చివరి పైలట్ బేరింగ్‌తో సహా. కానీ సెట్టు మార్చి పాత షిమ్‌లతోనే (సందు సరిచేసే పలుచని రేకులు) బిగించేస్తే ఆ డబ్బు వృథా. స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో ప్రీలోడ్, డయల్ గేజ్‌తో పళ్ల మధ్య ప్లే, నీలి రంగు పూసి ఒరిపిడి గుర్తు, ఈ మూడూ చూడాల్సిందే. కోన్‌ను గ్యాస్ మంటతో కాల్చకుండా సుమారు 100 డిగ్రీల నూనెలో వేడిచేసి ఎక్కించే మెకానిక్‌నే ఎంచుకోండి.

తుక్కు దుకాణంలో దొరికే పాత అసెంబ్లీ (మొత్తం డిఫరెన్షియల్) గురించి కూడా అడుగుతున్నారు. హౌసింగే పగిలితే తప్ప అటు వెళ్లవద్దు.

ఏది మార్చినా హౌసింగ్ అడుగున పేరుకున్న మడ్డిని పూర్తిగా గీకి కడిగించి, ఎయిర్ బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే రంధ్రం) శుభ్రం చేయించాకే కొత్త నూనె పోయించండి.