ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో వైద్య సాయం: దరఖాస్తుకు నాలుగు మార్కులు, ముందస్తు సలహాకు ఒకటి

దవాఖాన బిల్లు చేతికొచ్చాక జనం మొదట పోయేది ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకే. మునుగోడు, దేవరకొండ, అటు మక్తల్, అచ్చంపేట, ఎక్కడ చూసినా పొద్దున గేటు ముందు నిలబడ్డ వాళ్ల చేతుల్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ ఫిల్ములు, మడతలు పడ్డ బిల్లులు ఉంటాయి. ఊరోళ్ల లెక్కలో ఎమ్మెల్యే చేసే ప్రజారోగ్యం పని శంకుస్థాపన ఫలకాల మీద కన్నా ఈ కవర్లలోనే ఎక్కువ ఉంది. అందుకే ఏ పార్టీ, ఏ నాయకుడు అన్నది పక్కన పెట్టి, ఆ ఆఫీసులో దొరికే సేవను సేవగానే చూద్దాం.

మార్కులు ముందే చెప్పేస్తాం. కట్టిన బిల్లులో కొంత తిరిగిచ్చే సీఎం సహాయనిధి దరఖాస్తు ఎక్కించడానికి అయిదుకు నాలుగు. చెక్కులు పంచే తీరుకు రెండున్నర. ఆపరేషన్‌కు ముందు దారి చూపడానికి ఒకటి. ఆ ఒక్కటి కూడా రాత్రిపూట ఫోన్ ఎత్తే పీఏ ఉన్న చోట మాత్రమే.

ఆ ఒక్క మార్కు సంగతి ముందు చూడాలి. ఇంటికి అసలు దెబ్బ తగిలేది అక్కడే. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలు. 2024లో కొత్తగా 163 చికిత్సలు కలిపి మొత్తం 1,835 చేశారు. ఇంత ఉన్నా, పట్నంలో ప్రైవేటు దవాఖాన అడ్మిషన్ కౌంటర్‌లో ‘కార్డా, క్యాషా’ అని అడిగితే కంగారులో ‘క్యాషే’ అని అడ్వాన్సు కట్టేస్తారు. ఆరోగ్యశ్రీకి చికిత్సకు ముందే అనుమతి రావాలి. కుట్లు వేశాక రేషన్ కార్డు తెచ్చి చూపిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకునే దారి ఉంది. అది దవాఖానలో ఆరోగ్యశ్రీ కేసులు చూసే ఉద్యోగి ఆరోగ్యమిత్ర చేతిలోని పని, కాబట్టి డబ్బు కట్టకముందే ఆయన కుర్చీ ఎక్కడుందో వెతకాలి. కుర్చీ ఖాళీగా ఉంటే 104కు ఫోన్ చేయాలి.

క్యాంపు ఆఫీసు ఇక్కడ చేయాల్సింది చాలా చిన్న పని. అంబులెన్స్ నుంచి ఫోన్ చేసిన వాళ్లను మూడు ముక్కలు అడగాలి: ఆ దవాఖాన ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉందా, ఆ జబ్బు జాబితాలో ఉందా, ఆరోగ్యమిత్రను కలిశారా. చాలా చోట్ల వచ్చే జవాబు మాత్రం ‘ముందు చేర్పించండి, బిల్లులు తెస్తే చూద్దాం’. మంచి మనసుతో చెప్పే మాటే. కానీ ఆ మాటకు లక్షల్లో అప్పు పడుతుంది, ఎందుకంటే సహాయనిధి నుంచి బిల్లు మొత్తం తిరిగి రాదు, అందులో కొంత భాగమే వస్తుంది.

ఆరోగ్యశ్రీలో లేని చికిత్సకు ఇంకో దారి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు సర్కారు కడుతుందని దవాఖానకు ఇచ్చే హామీ లేఖ. హైదరాబాద్‌లోని నిమ్స్ లాంటి సర్కారు దవాఖానలో డాక్టర్ రాసిచ్చిన ఖర్చు అంచనా, సంతకం, ముద్రతో తెస్తే క్యాంపు ఆఫీసు సిఫారసు జతచేసి పంపుతుంది. మంజూరైన మొత్తానికి ఆ లేఖ దవాఖాన పేరిట వస్తుంది, మనిషి చేతికి డబ్బు రాదు. ఇది కూడా ఆపరేషన్‌కు ముందే జరగాలి. అంచనా కాగితం మీద రోగి రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే వెనక్కు వస్తుంది, అంతలో ఒక వారం పోతుంది.

ఇక నాలుగు మార్కులు వచ్చిన దరఖాస్తు. 2024 జూలై నుంచి సీఎం సహాయనిధి ఆన్‌లైన్‌కు మారింది. ఎమ్మెల్యే సిఫారసుతో ఆఫీసు ఆపరేటరే వివరాలు ఎక్కిస్తాడు, ఒక కోడ్ వస్తుంది, ఆ కోడ్ వేసిన కాగితాలు, అసలు బిల్లులు సచివాలయానికి పోతాయి. ఆ కోడ్‌ను అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మూడు నెలల తర్వాత ‘నా ఫైలు ఏమైంది’ అంటే ఎవరూ చెప్పలేరు, కోడ్ చెబితే చెప్పగలరు. ఎమ్మెల్సీ, ఎంపీ ద్వారా కూడా పంపొచ్చు. అయితే ఒకే బిల్లును రెండు ఆఫీసుల్లో ఇవ్వొద్దు, రెండోది దొరికిపోయి మొదటిది కూడా ఆగుతుంది. అసెంబ్లీ సమావేశాలు నడిచే రోజుల్లో లేఖ మీద సంతకం కోసం తిప్పుతారు, ముందే ఫోన్ చేసి పోవడం నయం.

తీసుకుపోవాల్సినవి: అసలు ఫైనల్ బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, కట్టిన డబ్బుకు రసీదులు, ఆధార్, ఆహార భద్రత కార్డు లేదా ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, ఫోన్ నంబరు. అన్నీ రెండేసి జిరాక్సులు. అసలు బిల్లులు ఒకసారి పోతే తిరిగి రావు, మీ దగ్గర మిగిలేది ఆ జిరాక్సే.

తప్పులు ఎక్కువగా జరిగేది పేర్ల దగ్గర. ఆధార్‌లో యాదమ్మ ఇంగ్లీషు స్పెల్లింగులో డీ పక్కన హెచ్ ఉంటుంది, డిశ్చార్జి సమ్మరీలో ఉండదు, పాసుబుక్కులో ఇంటిపేరు ముందుకొస్తుంది. దవాఖానలో చేరే రోజే ఆధార్ చూపించి అదే స్పెల్లింగు రాయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. డిశ్చార్జి అయ్యాక దిద్దించాలంటే మళ్లీ పట్నం బస్సు ఎక్కాలి. రెండోది ఇన్‌పేషెంట్ నంబరు. బిల్లు మీద ఒకటి, సమ్మరీ మీద ఇంకొకటి ఉంటే ఫైలు అక్కడే పడిపోతుంది. బిల్లు నిజమా కాదా అని దవాఖాన రికార్డుతో పోల్చి చూసేది ఆ నంబరుతోనే. నకిలీ బిల్లుల మీద 2024 ఆగస్టులో సీఐడీ ప్రైవేటు దవాఖానలపై కేసులు పెట్టాక ఈ తనిఖీ గట్టిపడింది, గట్టిపడాలి కూడా. ‘పర్సంటేజీ ఇస్తే బిల్లు పెంచి రాయిస్తాం’ అనే వాళ్లు క్యాంపు ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఇంకా దొరుకుతారు. ఇరుక్కునేది వాళ్లు కాదు, దరఖాస్తు మీద సంతకం పెట్టినవాళ్లు. దరఖాస్తుకు రూపాయి ఫీజు లేదు.

మందుల షాపు బిల్లుల గురించి ఒక మాట. మిషన్ నుంచి చుట్టలా వచ్చే ఆ పలుచని కాగితం మీద అక్షరాలు సిరాతో కాదు, వేడితో పడతాయి. ఎండలో, బండి డిక్కీలో ఉంచితే అక్షరాలు పోతాయి. భద్రం అనుకొని ల్యామినేషన్ చేయిస్తే ఏకంగా నల్లగా మాడిపోతుంది. వచ్చిన రోజే జిరాక్సు తీసి, అసలుతో కలిపి పిన్ను కొట్టాలి. రోగి పేరు, తేదీ లేని బిల్లు చెల్లదు.

మన వైపు ఇంకో చిక్కు గ్రామీణ బ్యాంకు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎంతోమందికి ఖాతాలు ఉన్న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బీరువాలో ఉన్న పాత పాసుబుక్కు జిరాక్సు ఇస్తే పాత బ్యాంకు పేరే ఫైలుకెక్కుతుంది. ముందు బ్రాంచికి పోయి కొత్త పాసుబుక్కు తెచ్చుకోండి, ఖాతా నడుస్తోందో లేదో కూడా అక్కడే తేలుతుంది. రోగి చనిపోయిన కేసుల్లో వారసుల ఖాతా ఇవ్వాలి. పోయిన మనిషి పేరిట చెక్కు వస్తే అది గోడకు తగిలించుకోవడానికే.

చెక్కుల దగ్గరికొస్తే మార్కులు ఎందుకు పడిపోయాయో చెప్పాలి. చెక్కు మీద ఖాతా నంబరు కూడా అచ్చవుతుంది కాబట్టి పక్కదారి పట్టే భయం తగ్గింది, ఇది నిజంగా మంచి మార్పు. కానీ చెక్కు గడువు దాని మీద వేసిన తేదీ నుంచి 3 నెలలే, 2012 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నియమం అది. ఆఫీసుకొచ్చిన చెక్కులు పంపిణీ సభ కోసం, ఫొటో కోసం, మంచి రోజు కోసం బీరువాలో ఆగుతాయి. సభ అయ్యేసరికి ఇరవై రోజులే మిగిలిన చెక్కులు చేతికొస్తాయి. శాలువా కన్నా ముందు చెక్కు మీద తేదీ చూడండి. చూసి ఆ రోజే బ్యాంకులో వేయండి. గడువు దాటితే మళ్లీ అదే ఆఫీసుకు, మళ్లీ కొత్త తిరుగుడు. సభ పెట్టుకోవద్దని ఎవరూ అనడం లేదు, చెక్కు వచ్చిన రోజు ఒక ఫోన్ చేస్తే చాలు.

వైద్యం కాకుండా ఆ ఆఫీసులో పడే అర్జీల్లో నీళ్లవి ఉంటాయి, నల్లగొండ వైపు మరీ ఎక్కువ. ఫ్లోరైడ్ గోడు వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి దిగిన జిల్లా ఇది. నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచారు, దాంతో నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు అడగడం తేలిక, ఇవ్వడమూ తేలిక. నడపడమే కష్టం. గార పట్టకుండా వేసే మందు ఆపేస్తే నీళ్లు వడగట్టే పొర (మెంబ్రేన్) మూసుకుపోతుంది, నీళ్లు తగ్గుతాయి. అప్పుడు ఆపరేటర్ చాటుగా బోరు నీళ్లు కలుపుతాడు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు పెట్టి ‘నీళ్లు బాగున్నాయి’ అంటే నమ్మొద్దు, ఆ మీటరుకు ఫ్లోరైడ్ విడిగా తెలియదు. ప్లాంటు కన్నా ముందు పరీక్ష అడగాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. నమూనా గాజు సీసాలో పట్టొద్దు, గాజు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. బోరును కాసేపు వదిలేసి, అదే నీటితో ప్లాస్టిక్ సీసాను రెండుసార్లు కడిగి నింపి, ఊరు, బోరున్న చోటు, తేదీ సీసా మీద రాసి గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకు ఇవ్వాలి. అర్జీకి ఆ రిపోర్టు పిన్ను కొట్టి ఇస్తే, పక్కన పడేయడం ఏ పీఏకైనా కొంచెం కష్టమే.