డిజిటాక్ట్‌తో మూడేళ్లు: నొక్కాల్సింది ‘నో’, వేలు పడేది ‘ఎస్’ మీద

ఎలెక్ట్రాన్ కంపెనీ డిజిటాక్ట్ అంటే శాంపుళ్లతో, అంటే రికార్డు చేసిన శబ్దం ముక్కలతో, దరువు కట్టి వాయించే డ్రమ్ మెషీన్. ఎనిమిది శాంపుల్ ట్రాకులు, వేరే వాయిద్యాలను నడిపే ఎనిమిది మిడి ట్రాకులు, ప్యాటర్న్‌కి (మళ్లీ మళ్లీ తిరిగే ఒక దరువుకి) దెబ్బలు పెట్టే గళ్లు, అంటే స్టెప్పులు, 64, శాంపుళ్లన్నీ మోనో. 2017లో వచ్చిన పెట్టె కాబట్టి ఇవన్నీ ఈపాటికి అందరికీ తెలుసు. లాప్‌టాప్ లేకుండా మూడేళ్లు వేదికల మీద ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ వాడాక రాయాలనిపించింది ఒకే ఒక్క సంగతి గురించి: ఫంక్షన్ బటన్ పట్టుకుని ‘నో’ నొక్కడం.

‘ఫంక్షన్ + ఎస్’ నొక్కితే నడుస్తున్న ప్యాటర్న్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా తాత్కాలికంగా దాచిపెడుతుంది. తర్వాత శబ్దం మొద్దుబారేలా ఫిల్టర్లు మూసేయండి, శ్రుతి మార్చేయండి, డిలే (ప్రతిధ్వని) ఫీడ్‌బ్యాక్ చెవులు చిల్లులు పడేదాకా పెంచండి, హైహ్యాట్ స్టెప్పులన్నీ చెరిపేయండి. ‘ఫంక్షన్ + నో’ నొక్కగానే దాచింది దాచినట్టు తిరిగొస్తుంది. పాట ఆగదు, లెక్క తప్పదు. పదకొండో స్టెప్పు మీద నొక్కితే పన్నెండోది శుభ్రంగా మోగుతుంది. రివర్బ్, డిలే అమరికలు కూడా ప్యాటర్న్‌లోనే ఉంటాయి కాబట్టి అవీ వెనక్కొస్తాయి. అప్పటికే మోగుతున్న డిలే తోక మాత్రం తన మానాన తాను సన్నగిల్లుతుంది. ఆ తోక మీద ఒకటో దెబ్బ పడితే ఉంటుంది చూడండి, దానికోసమే ఈ పెట్టె కొనొచ్చు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటిది కట్టుకోవచ్చు, కాదనను. కానీ ఏ నాబ్ ఎక్కడికి తిరిగి రావాలో ముందే ఒక్కొక్కటిగా అమర్చుకోవాలి. మర్చిపోయిన నాబ్ ఒక్కటే చాలు, పాట మధ్యలో పరువు తీయడానికి. ఇక్కడ ఏం తిప్పబోతున్నామో ముందు అనుకోనక్కర్లేదు. అందుకే చెయ్యి భయం లేకుండా తిరుగుతుంది.

దీనికి జతగా వాడాల్సింది ‘కంట్రోల్ ఆల్’. ట్రాక్ బటన్ పట్టుకుని ఏ నాబ్ తిప్పినా ఎనిమిది ట్రాకుల్లోనూ ఆ విలువ కదులుతుంది. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ తిప్పితే పాటంతా బావిలో పడ్డట్టు మూసుకుపోతుంది. బాగానే ఉంటుంది గానీ కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) కూడా దాంతోపాటే మునిగిపోతుంది, నేల ఖాళీ అవుతుంది. దీనికో కిటుకు ఉంది. కిక్ ట్రాకులో ఒక్కో స్టెప్పు పట్టుకుని ఫిల్టర్ ఫ్రీక్వెన్సీని 127 దగ్గర లాక్ చేయాలి. స్టెప్పుకి లాక్ చేసిన విలువ ట్రాకు విలువకన్నా పైమాట కాబట్టి కంట్రోల్ ఆల్ ఎంత తిప్పినా కిక్ కదలదు. కిక్ నాలుగు స్టెప్పులే అయితే నాలుగు లాకులు, అర నిమిషం పని.

మన దరువులకి ఈ పెట్టె పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పనికొస్తుంది. స్కేల్ పేజీలో ‘పర్ ట్రాక్’ పెట్టుకుని, డప్పు ట్రాకు పొడవు 12 స్టెప్పులు, వేగం 3/4 చేయండి. మిగతా ట్రాకులు 16 స్టెప్పులతో మామూలు వేగంలో నడవనివ్వండి. 12ని 3/4తో భాగిస్తే 16 కాబట్టి రెండూ ఒకేచోట ముగుస్తాయి. నాలుగు దెబ్బల కిక్ మీద మూడేసిగా విరిగే డప్పు కూర్చుంటుంది. డప్పు మీద సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ రెండూ కలిపి ఒకే శాంపుల్‌గా తీయొద్దు. వేరువేరుగా తీసి పక్కపక్క ట్రాకుల్లో పెట్టండి. సిర్ర ట్రాకులో ఒక స్టెప్పుకి 1:4 షరతు పెట్టి, దాని తర్వాతి ట్రాకులో పుల్లకి ‘నెయిబర్’ షరతు పెడితే, నాలుగు ఆవృతాలకోసారి సిర్ర అదనపు దెబ్బ వేసినప్పుడే పుల్ల కూడా జవాబిస్తుంది. ఇంత అల్లాక దాన్ని ధైర్యంగా చెడగొట్టగలగడమే అసలు మజా.

ఇక అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తాను. ‘ఎస్’, ‘నో’ బటన్లు ఒకదాన్నానుకుని ఒకటి ఉంటాయి. పరిమాణం ఒకటే, తాకితే తేడా తెలియదు. దీపాలు ఆర్పేసిన వేదిక మీద, ఎడమచేత్తో ఫంక్షన్ పట్టుకుని, కళ్లు జనం మీద పెట్టి నొక్కితే ఏదో ఒకరోజు వేలు ‘నో’ బదులు ‘ఎస్’ మీద పడుతుంది. ఈ మూడేళ్లలో రెండుసార్లు పడింది. అప్పుడేమవుతుందంటే, మూసుకుపోయిన ఫిల్టర్లు, విరిగిన శ్రుతి, పిచ్చెక్కిన డిలే, మొత్తం ఆ శిథిలమే కొత్త ‘మంచి ప్రతి’గా దాచబడుతుంది. మనకి ఆ సంగతి తెలియదు. పాట తిరిగి రాలేదేమిటని మళ్లీ నొక్కుతాం, ఈసారి సరిగ్గా ‘నో’నే. అది శిథిలాన్నే నమ్మకంగా వెనక్కి తెస్తుంది. మూడోసారి, నాలుగోసారి నొక్కినా అంతే. డిలే కేకలు పెడుతుంటే ఏ నాబ్ ముందు తిప్పాలో తోచదు. తప్పు పెట్టెది కాదు, వేలిదే. అయినా కోపం మాత్రం పెట్టె మీదే వస్తుంది.

దీనికి కుదురుకున్న విరుగుడు ఇది. ప్రదర్శనకి ముందు రోజు, గ్రిడ్ రికార్డింగ్ (స్టెప్పులు నింపే మోడ్) ఆపి ఉండగా, వాడబోయే ప్రతి ప్యాటర్న్‌నూ ‘ఫంక్షన్ + రికార్డ్’తో కాపీ చేసి, చివరి బ్యాంకులో అదే అంకె దగ్గర ‘ఫంక్షన్ + స్టాప్’తో పేస్ట్ చేయాలి. ఏ1కి ప్రతి హెచ్1, ఏ2కి హెచ్2, అలా. ఎనిమిది బ్యాంకులు, బ్యాంకుకి పదహారు, మొత్తం 128 చోట్లు ఉన్నాయి కాబట్టి ఇరుకేమీ కాదు. వేలు తప్పిన రోజున ప్యాటర్న్ మార్చి హెచ్‌కి దూకితే సరి. ముందు రోజు పేస్టులన్నీ అయ్యాక ప్రాజెక్ట్‌ని (ప్యాటర్న్‌లన్నీ ఉండే మూటని) సేవ్ చేయడం మాత్రం మరవకూడదు. దూకేటప్పుడు ఇంకో సంగతి: మామూలుగా నడుస్తున్న ప్యాటర్న్ పూర్తయ్యాకే కొత్తది మొదలవుతుంది. 64 స్టెప్పులదైతే నాలుగు బార్లు ఆ గోల భరించాలి. స్కేల్ పేజీలో ‘ఛేంజ్’ విలువ 16 పెట్టుకుంటే ఒక్క బారులో బయటపడొచ్చు.

రెండో విరుగుడు చవకైనది. ‘నో’ బటన్ మీద చిన్న రాయి ఉన్న బొట్టుబిళ్ల అతికించండి. వేలికి తగులుతుంది, కాస్త వెలుతురు పడితే మెరుస్తుంది. చెమటకి నెలకోసారి ఊడుతుంది, మళ్లీ ఇంకోటి. నవ్వినా పర్లేదు, బిళ్ల పెట్టాక వేలు తప్పలేదు.

పైన వెనక్కి తేవడాన్ని అంత పొగిడాను గానీ, అది ఆ ఒక్క ప్యాటర్న్‌కే పరిమితం. ఏ1ని చెడగొట్టి, వెనక్కి తేకుండానే ఏ2కి వెళ్లిపోయారనుకోండి. పది నిమిషాలయ్యాక ఏ1కి వస్తే అది చెడినట్టే ఉంటుంది. కాబట్టి వదిలి వెళ్లేముందే ‘నో’ నొక్కడం అలవాటు కావాలి. ఇంకోటి మ్యూట్ల గొడవ. ఆకుపచ్చగా వెలిగేవి ప్రాజెక్ట్ అంతటికీ వర్తించే మ్యూట్లు, ఊదారంగువి ఆ ప్యాటర్న్‌వి. వెనక్కి తెచ్చేది ప్యాటర్న్‌ని కాబట్టి ఆకుపచ్చ మ్యూట్లు అలాగే ఉండిపోతాయి. కిక్‌ని ఆకుపచ్చలో ఆపి, ఫిల్టర్లు మూసి, జనాన్ని ఊరించి, సరిగ్గా ఒకటో దెబ్బ మీద ‘నో’ నొక్కితే అన్నీ వస్తాయి, కిక్ తప్ప. ఊరించడానికి ఆపే కిక్‌ని ఎప్పుడూ ఊదారంగులోనే ఆపండి.

ఇంకో ప్రాజెక్ట్ లోడ్ చేస్తే పాట ఆగిపోతుంది కాబట్టి ప్రదర్శన మొత్తం ఒకే ప్రాజెక్ట్‌లో ఇమడాలి. ప్రాజెక్ట్‌కి శాంపుల్ మెమరీ 64 ఎంబీ. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనోలో అది పదకొండు నిమిషాల పైచిలుకు. దెబ్బలకీ లూపులకీ ఎక్కువే. నాలుగు నిమిషాల గొంతు ట్రాకులు రెండు మూడు పెట్టాలంటే కష్టం. 2022లో సాంగ్ మోడ్ (ప్యాటర్న్‌లను ముందే వరసగా పేర్చుకునే పద్ధతి) వచ్చింది. వరస గట్టిగా ఉన్నవాళ్లకి మేలే. వెనక్కి తెచ్చే ఆట ఆడేవాళ్లకి మాత్రం దాని అవసరం అంతగా పడదు.

హమ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే దీన్ని పెట్టె లోపం అనుకుని అమ్మేసుకున్నవాళ్లున్నారు. రికార్డింగ్ కోసం పెట్టెను యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి కలిపి, లాప్‌టాప్‌కి చార్జర్ పెడితే స్పీకర్లలో గుయ్‌మనే శబ్దం, దాని పైన సన్నటి కీచు మొదలయ్యే అవకాశం ఉంది. చార్జర్ పీకగానే పోతే అది గ్రౌండ్ లూపే. యూఎస్‌బీ తీగ ద్వారా ఒకటి, మిక్సర్‌కి వెళ్లే ఆడియో కేబుల్ ద్వారా ఒకటి, ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడతాయి. అయిదు పిన్నుల పాత మిడి కేబుల్‌తో ఈ బెడద లేదు. 1983 నాటి ఆ పద్ధతిలోనే తీసుకునే వైపు ఆప్టోకప్లర్ ఉంటుంది, అంటే సమాచారం వెలుతురు రూపంలో దాటుతుంది, రెండు యంత్రాల ఎర్త్ కలవదు. కాబట్టి టెంపో కలపడానికి మిడి కేబుల్ వాడండి. యూఎస్‌బీ తప్పనిసరైతే గ్రౌండ్ లిఫ్ట్ మీట (ఎర్త్ దారి తెంపేది) ఉన్న డీఐ బాక్సులు రెండు, పెట్టెకీ మిక్సర్‌కీ మధ్య పెట్టుకోండి. చవగ్గా దొరికే యూఎస్‌బీ ఐసొలేటర్లు చాలావరకు సెకనుకి 12 మెగాబిట్లు పంపేవే. మిడికి సరిపోతాయి, ట్రాకులు విడివిడిగా లాప్‌టాప్‌లోకి పంపడానికి చాలవు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సౌండ్ కుర్రాడు సలహా ఇస్తే మాత్రం వినొద్దు. జనరేటర్ మీద నడిచే పందిట్లో అది ప్రాణాల మీదికొస్తుంది.

పెట్టెలో బ్యాటరీ లేదు. కరెంటు పోతే పాట అక్కడే ఆగిపోతుంది. అడాప్టర్ 12 వోల్టులది, ప్లగ్ 5.5 × 2.5 మిల్లీమీటర్లు, మధ్య పిన్ను ప్లస్. బజారులో మామూలుగా దొరికే 12 వోల్టుల ప్లగ్గులు ఎక్కువగా 2.1వి, అవి లోపలికి దిగవు. రౌటర్ల మినీ యూపీఎస్ కొనేముందు ఈ కొలత చూసుకోండి, ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని అది కొత్త శబ్దం కలుపుతోందేమో వినండి.

ఎవరికి కొనమంటానంటే, ఒంటరిగా వాయిస్తూ, పొట్టి శాంపుళ్లతో, అప్పటికప్పుడు కట్టి పడగొట్టేవాళ్లకి. నా వాడకం అదే కాబట్టి నచ్చింది. పెళ్లి రిసెప్షన్లలో గాయకుల వెనక పూర్తి ట్రాకులు నడిపేవాళ్లకి లాప్‌టాపే సుఖం. 2024లో వచ్చిన రెండో తరంలో ట్రాకులు పదహారు, స్టీరియో ఉంది, స్టెప్పులు 128, కిట్లను (శబ్దాల అమరికలను) ప్యాటర్న్ నుంచి విడదీశారు. చేతిలో డబ్బుంటే అటే చూడండి. పాతది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, డబ్బిచ్చేముందు ఒక ప్యాటర్న్‌ని పూర్తిగా చెడగొట్టి, కళ్లు మూసుకుని పదిసార్లు వెనక్కి తెచ్చి చూడండి. బటన్లు సరిగ్గా పడుతున్నాయో లేదో తెలుస్తుంది, బొట్టుబిళ్ల అవసరమెంతో కూడా తెలుస్తుంది.