‘ద ఫీల్డ్’ చూడాలా, ‘ఫార్ అండ్ అవే’ చూడాలా?

ఐర్లాండ్ పల్లెల్లో భూమి గొడవల మీద మంచి సినిమా చెప్పమని అడిగితే ‘ద ఫీల్డ్’ (1990) అంటాను. వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది: టామ్ క్రూజ్ ఉన్న ‘ఫార్ అండ్ అవే’ కూడా అదే కదా, అది చూస్తే చాలదా?

హంగులే లెక్కేస్తే రాన్ హోవార్డ్ తీసిన ‘ఫార్ అండ్ అవే’ (1992)దే పైచేయి. కౌలు రైతు కొడుకు, భూస్వామి కూతురు, బోస్టన్‌లో బాక్సింగ్ పందేలు, చివర 1893లో ఒక్లహోమాలో భూమి కోసం గుర్రాల పరుగు, వెనక జాన్ విలియమ్స్ సంగీతం. రెండు గంటల పైన సాగినా బోరు కొట్టదు. అయితే అందులో భూమి హీరో గెలుచుకునే బహుమతి. ఐర్లాండ్‌లో దొరక్కపోతే అమెరికాలో దొరుకుతుంది.

‘ద ఫీల్డ్’లో బుల్ మెకేబ్‌కి ఆ ఒక్క చెక్కే కావాలి. రాతి నేల మీదికి సముద్రపు నాచు బుట్టలతో మోసుకొచ్చి పోసి పచ్చగా చేసిన చెక్క అది. తీరా చూస్తే కౌలుది. యజమానురాలైన వితంతువు వేలం పెడుతుంది. ఊళ్ళో ఒక్కడూ బుల్ మీద పాట పెంచే ధైర్యం చెయ్యడు, ఒక అమెరికన్ తప్ప.

కథగా ఇందులో లోపాలున్నాయి. జాన్ బి. కీన్ 1965లో రాసిన నాటకంలో పొలానికి వచ్చేవాడు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఐరిష్‌వాడే. దర్శకుడు జిమ్ షెరిడన్ అతన్ని అమెరికన్‌ని చేసేసరికి గొడవ చవకబారింది; ఆ పాత్ర వేసిన టామ్ బెరెంజర్‌కి చెయ్యడానికి పనే లేదు. రెండో సగమంతా గాలివాన, గగ్గోలు.

అయినా నా ఓటు దీనికే, కారణం నటన. ఈ పొలం కోసం ఈ మనిషి ప్రాణం తీస్తాడని ప్రేక్షకుడు నమ్మాలి. నమ్మకపోతే మిగతా కథంతా దండగ. బుల్‌గా రిచర్డ్ హారిస్ నమ్మిస్తాడు. నాటకంలో ఆ పాత్ర వేసిన రే మెకనాలీ 1989లో చనిపోవడంతో హారిస్‌కి దక్కింది, ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. కథలో ఒక కొడుకు చావు తర్వాత బుల్‌కి ఏళ్ళ తరబడి భార్యతో మాటల్లేవు. భార్యగా వేసిన బ్రెండా ఫ్రికర్‌కి డైలాగులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కానీ ఆవిడ అదే గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే మనకే ఇబ్బందిగా ఉంటుంది. బుల్‌కి తోకలా తిరిగే జాన్ హర్ట్‌ని మొదట పోల్చుకోవడమే కష్టం.

‘వైల్డ్ మౌంటెన్ థైమ్’ (2020) సంగతీ కొందరు అడుగుతారు. పొలం వారసత్వం, రోడ్డుకి వెళ్ళే దారి మీద తగాదా మనకి ఇట్టే అర్థమవుతాయి. క్రిస్టఫర్ వాకెన్ ఐరిష్ యాస మాత్రం నవ్వు తెప్పిస్తుంది. ఖాళీగా ఉంటే చూడొచ్చు.

‘ద ఫీల్డ్’కి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ముఖ్యంగా జాన్ హర్ట్ మాట్లాడేటప్పుడు.