టీబీఎస్ క్లోరైడ్: విశాఖ తేమలో ఏళ్ల తరబడి వాడాక

తర్వాతి రియాక్షన్లలో చెడిపోకుండా ఆల్కహాల్‌ని (దాని OHకి తాత్కాలికంగా ముసుగు తొడిగి) కాపాడాల్సి వస్తే మొదట చెయ్యి వెళ్లేది టెర్ట్-బ్యూటైల్‌డైమిథైల్‌సిలైల్ క్లోరైడ్ (టీబీఎస్ క్లోరైడ్) సీసా మీదికే. పద్ధతి 1972 నాటిది, రసాయన శాస్త్రవేత్తలు కోరీ, వెంకటేశ్వర్లు ఇచ్చింది. ఆ పేపర్ మీద మన తెలుగు పేరు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆల్కహాల్ 1, క్లోరైడ్ 1.2, ఇమిడజోల్ అనే క్షారం 2.5 ఈక్వివలెంట్లు (మోల్‌ల నిష్పత్తి), డీఎంఎఫ్ అనే ద్రావణిలో 35 డిగ్రీలు, 10 గంటలు. మే నెలలో ఏసీ లేని గదిలో ఆ 35కి ఆయిల్ బాత్ కూడా అక్కర్లేదు. 10 మిల్లీమోల్ ఆల్కహాల్‌కి క్లోరైడ్ 1.81 గ్రాములు, ఇమిడజోల్ 1.70 గ్రాములు, డీఎంఎఫ్ 10 మిల్లీలీటర్లు పెడితే సాఫీగా నడుస్తుంది.

ఇక్కడ అసలు శత్రువు సముద్రపు గాలి. మూత తీయగానే ఘాటు వాసన వస్తుంది, అది తేమ తగిలి విడుదలవుతున్న హైడ్రోజన్ క్లోరైడ్. సీసా మెడ లోపల తెల్లటి స్ఫటికాలు పేరుకుంటాయి, ఈ పదార్థం సబ్లైమ్ అవుతుంది కాబట్టి. మూత సరిగ్గా కూర్చోకపోవడానికి అవే కారణం. మెడని పొడి టిష్యూతో తుడిచి, మూత బిగించి, పారాఫిల్మ్ చుట్టి డెసికేటర్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో ఉంచితే మాత్రం గది వేడికి వచ్చేదాకా తెరవకండి, లోపల నీరు పడుతుంది. 18 మిల్లీగ్రాముల నీరు చాలు, 150 మిల్లీగ్రాముల క్లోరైడ్‌ని సిలనాల్ (క్లోరిన్ స్థానంలో OH చేరిన రూపం) చేసేస్తుంది. ఆ సిలనాల్ ఇంకో క్లోరైడ్ అణువుతో కలిసి డైసిలోక్సేన్ (ఆక్సిజన్‌తో జతపడ్డ రెండు సిలికాన్లు) అవుతుంది. రియాక్షన్ సగంలో ఆగితే క్లోరైడ్‌ని అనుమానించే ముందు డీఎంఎఫ్‌ని అనుమానించండి, నీరు అందులో ఉండొచ్చు.

క్రూడ్ (శుద్ధి చేయని ఉత్పత్తి) బరువు లెక్క ప్రకారం రావాల్సిన దానిలో 100 శాతం దాటిందంటే సంబరపడొద్దు, అందులో ఈ సిలనాల్, డైసిలోక్సేన్ రెండూ ఉన్నాయని అర్థం. డైసిలోక్సేన్ 195 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రోటా (ద్రావణిని ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్) మీద తేలిగ్గా పోదు. శుద్ధి చేసే సిలికా కాలమ్‌లో ముందు ఉత్త హెక్సేన్ పోస్తే మొదటి ఫ్రాక్షన్లలోనే దిగిపోతుంది. యూవీలో కనపడదు, కాబట్టి టీఎల్‌సీ ప్లేటుని మచ్చలకి రంగు తెప్పించే అనిసాల్డిహైడ్‌లో ముంచి చూసే అలవాటు ఉండాలి. వర్కప్‌కి (రియాక్షన్ అయ్యాక నీళ్లతో కడిగి ఉత్పత్తిని వేరు చేయడానికి) ఇథైల్ అసిటేట్ కన్నా ఈథర్, హెక్సేన్ సగం సగం మేలు, డీఎంఎఫ్ నీళ్లలోకి బాగా పోతుంది.

సెకండరీ ఆల్కహాల్ (OH ఉన్న కార్బన్‌కి రెండు కార్బన్లు అతికినది) మొరాయిస్తే డీఎంఏపీ అనే ఉత్ప్రేరకం 0.1 ఈక్వివలెంట్ వేయండి. టెర్షియరీ (మూడు కార్బన్లు అతికినది) దగ్గర ఈ క్లోరైడ్‌తో కాలయాపన వద్దు. ఇంకా చురుకైన టీబీఎస్ ట్రైఫ్లేట్, క్షారంగా 2,6-లూటిడిన్, డీసీఎం (డైక్లోరోమీథేన్) లో 0 డిగ్రీలు. ఖరీదు ఎక్కువే, కానీ పని అవుతుంది. టీబీఎస్ ముసుగుని తీసేసేటప్పుడు టీబీఏఎఫ్ (టెట్రాబ్యూటైల్ అమోనియం ఫ్లోరైడ్) శుభ్రంగా పనిచేస్తుంది, కాకపోతే అది క్షారం, పక్క కార్బన్‌పై అసిటేట్ ఉంటే అది టీబీఎస్ వదిలిన ఆక్సిజన్ మీదికి జరిగిపోవచ్చు.