పెద్దవాళ్ళ చేతి మీద ప్లాస్టర్ తియ్యడానికి ఏది మేలు: నీళ్ళా, కొబ్బరి నూనా, స్ప్రేనా?

మా అత్తయ్యగారికి 83 ఏళ్ళు. పోయిన శీతాకాలం నిమ్ము చేసి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. డిశ్చార్జి రోజు నేను బిల్లు కట్టి వచ్చేసరికి సెలైన్ సూది తీస్తున్నారు. సూది తియ్యాలంటే ముందు దాన్ని పట్టి ఉంచిన తెల్ల ప్లాస్టర్ తియ్యాలి కదా, దాన్ని ఒక్క లాగుడు లాగారు. ప్లాస్టర్‌తో పాటు చర్మం కూడా లేచి వచ్చేసింది, పది రూపాయల బిళ్ళంత మేర. ఆవిడ అరవను కూడా లేదు. చెయ్యి ఒళ్ళోకి తీసుకుని "అయ్యో, ఊడొచ్చేసిందమ్మా" అన్నారు, అదేదో తన తప్పైనట్టు. నిమ్ము తగ్గి ఇంటికొచ్చాం గానీ ఆ పుండు మానడానికి మాత్రం నెల పట్టింది.

ఆ నెలంతా రోజు విడిచి రోజు కట్టు మార్చాం. మార్చిన ప్రతిసారీ మళ్ళీ టేపు తియ్యాలి, మళ్ళీ అదే భయం. అలా నీళ్ళు, కొబ్బరి నూనె, స్పిరిట్, ఆఖరికి ఒక స్ప్రే, అన్నీ ఆ చేతి మీదే తెలుసుకున్నాం. ఏది మేలో చెప్పేముందు ఒక మాట. సీసాలో ఏముంది అన్నది రెండో సంగతి. లాగే చెయ్యి ఎటు పోతోంది అన్నదే మొదటి సంగతి.

వయసులో ఉన్నప్పుడు మన చర్మం పై పొర, కింది పొర ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటాయి, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించినట్టు. వయసు మీద పడే కొద్దీ ఆ బిగింపు పోయి, అరచేతి మీద అరచెయ్యి ఊరికే ఆనించినట్టు అవుతుంది. అందుకే పక్కకి జరిపితే జారుతుంది, పైకి లాగితే లేస్తుంది. పై పొరకి కింది పొరతో ఉన్న పట్టు కన్నా టేపు జిగురుతో ఉన్న పట్టే ఎక్కువైపోతుంది. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి చర్మం ఇంకా పలచన. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకైతే చర్మం లేవకపోయినా కింద నల్లగా కమిలిపోతుంది. టేపు వల్ల అయ్యే ఈ గాయాలన్నిటినీ కలిపి ఇంగ్లీషు పొడి అక్షరాల్లో 'మార్సీ' అంటారు. 2013లో అమెరికా నిపుణులు వీటి మీద ఏకాభిప్రాయ పత్రమే ప్రచురించారు. ముసలితనం కదా, చర్మం ఊడితే ఊడుతుందిలే అని వదిలేసే విషయం కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

ముందు తియ్యడంలోనే ఉన్న రెండు పద్ధతులు చూద్దాం. ఒక్క ఉదుటున లాగడమా, నెమ్మదిగా తియ్యడమా? చిన్నప్పుడు మోకాలి మీద ప్లాస్టర్ వేసుకున్న ప్రతివాళ్ళకీ తెలిసిన సూత్రం ఒకటుంది: "టక్కున లాగేస్తే నొప్పి తెలీదు." అది పదేళ్ళ పిల్లవాడి మోకాలికి సరిపోతుంది. ఎనభై ఏళ్ళ ముంజేతికి సరిపోదు. ఇక్కడ రెండో ఆలోచనే లేదు, నెమ్మదిగానే తియ్యాలి.

అయితే నెమ్మదిగా తీసినా తప్పుగా తియ్యొచ్చు. నేను మొదటి వారమంతా చేసిన పని అదే. అంచు పట్టుకుని నిదానంగా పైకి ఎత్తేదాన్ని. కింద చర్మం డేరాలా లేచేది. అలా లేచిందంటే లాగుడంతా చర్మం మీద పడుతోందన్నమాట. ఇంటికొచ్చి కట్టు మార్చే సిస్టర్ అది చూసి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "తొందరేముందక్కా, టేపుకేమైనా రైలు తప్పిపోతుందా?" అని, తనే చేసి చూపించింది.

టేపుని పైకి ఎత్తలేదు. అంచు లేపి, దాని మీదికే వెనక్కి మడిచింది, చాప చుట్టినట్టు, చర్మానికి ఆనుకునే ఉండేలా. రెండో చేతి వేలు టేపు అప్పుడే వదిలిన చోట ఆనించి, చర్మాన్ని మెల్లిగా అదిమి పట్టింది. టేపు ఒక గింజంత వెనక్కి, వేలు ఒక గింజంత ముందుకి. రోమాలు ఎటు వాలి ఉంటే అటు తీసింది, ఎదురు తియ్యలేదు. కింద పుండు ఉంది కాబట్టి రెండు చివరల నుంచీ పుండు వైపుకే వచ్చింది. అలా తీస్తే మానుతున్న అంచులు విడిపోవట. రెండంగుళాల టేపుకి రెండు మూడు నిమిషాలు పట్టింది. అత్తయ్యగారు మొహం అటు తిప్పుకుని కళ్ళు మూసుకునే ఉన్నారు, "అయిపోయింది మామ్మగారూ" అన్నాక గానీ తెరవలేదు.

ఈ చెయ్యి వచ్చాకే సీసాల సంగతి.

నీళ్ళు. ఖర్చు లేదు, మంట లేదు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూది టేపు మీద ఉంచి కాసేపు ఆగితే కాగితం టేపు (అందరూ మైక్రోపోర్ అనేది) మెత్తబడి, చాలావరకు దానంతటదే వదులుతుంది. కాకపోతే నీళ్ళ పని అక్కడితో సరి. గుడ్డ ప్లాస్టర్ తడిసినా ఓ పట్టాన వదలదు, పారదర్శకంగా ఉండే పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ అయితే అసలు తడవదు. పైగా నానిన చర్మం ఇంకా బలహీనం. అందుకని గిన్నెలో చెయ్యి అరగంట నానబెట్టడం లాంటివి వద్దు. కాగితం టేపుకీ ఒక గుణం ఉంది. వేసిన రోజు మెత్తగానే అంటుకుంటుంది. ఒంటి వేడికి జిగురు చర్మపు ముడతల్లోకి దిగి, రోజులు గడిచే కొద్దీ పట్టు పెరుగుతుంది. నిన్నటి టేపుకి నీళ్ళు చాలు, నాలుగు రోజుల టేపుకి చాలకపోవచ్చు.

కొబ్బరి నూనె. మా ఇంట్లో గెలిచింది ఇదే, కాకపోతే ఒక షరతు మీద. అంచు వెంబడి నాలుగు చుక్కలు వేసి, వేలితో రాసి, ఐదు నిమిషాలు మాటల్లో పెట్టాలి. తర్వాత టేపుని మడుస్తూ, వదిలిన చోట మళ్ళీ ఒక చుక్క. గుడ్డ ప్లాస్టర్ మొండి జిగురు కూడా దీనికి లొంగుతుంది. జిగురులో జింక్ ఆక్సైడ్ కలిపే ఈ ప్లాస్టర్ నిన్నా మొన్నా వచ్చిందేం కాదు, ల్యూకోప్లాస్ట్ పేరుతో జర్మనీలో 1901లోనే అమ్మకానికొచ్చింది. పట్టు కోసమే పుట్టిన సరుకు, ముసలి చర్మం మీద దానికి జాలి ఉండదు. చలికాలం నూనె గడ్డ కడుతుంది కదా, ఆ గడ్డే అరచేతిలో వేసి రుద్దితే కరిగిపోతుంది. వేడి చేసి పొయ్యడం మాత్రం వద్దు. బేబీ ఆయిల్, వ్యాసలిన్ కూడా ఇదే పని చేస్తాయి.

షరతు ఏమిటంటే, నూనె రాసిన చోట ఇంకో టేపు నిలవదు. సబ్బుతో కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. ఆ తుడవడంలో మళ్ళీ చర్మానికి రాపిడి. పుండులోకి, కుట్ల దగ్గరికి నూనె వెళ్ళకూడదు. కాబట్టి కట్టు పూర్తిగా తీసేసే ఆఖరి రోజుకి, రక్తపరీక్ష చేసినచోట వేసిన బిళ్ళ ప్లాస్టర్‌కి, ఈసీజీ తీశాక ఛాతీ మీద మిగిలిన జిగురుకి కొబ్బరి నూనెని మించింది లేదు. రోజూ కట్టు మార్చే చోట అదే నూనె తలనొప్పి. మొదటి వారం మా కట్టు రాత్రికి ఊడి దుప్పట్లో దొరికేది.

స్పిరిట్. నిజం చెప్పాలంటే పని చేస్తుంది. కొన్ని జిగుర్లని చురుగ్గానే వదిలిస్తుంది, ఆరిపోతుంది, జిడ్డు మిగలదు. అందుకే చాలామంది చేతికి ముందు ఇదే వస్తుంది. కానీ పెద్దవాళ్ళ చర్మం ముందే ఎండిన చెరువులా ఉంటుంది, ఉన్న కాస్త తేమనీ ఇది లాగేస్తుంది. ఎక్కడైనా చిన్న గీత ఉందా, ఇక మంటే మంట. ఒకసారి వాడి మానేశాం. చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా ఈ జాతిదే. గోళ్ళ రంగు తీసే ద్రావకం, కిరోసిన్, పెట్రోలు అని ఎవరైనా సలహా ఇస్తే ఒక నమస్కారం పెట్టి ఊరుకోండి.

సిలికాన్ స్ప్రే. ఇది ఉందనే సంగతే నాకు తెలీదు, సిస్టరే చెప్పింది. టేపు తియ్యడానికే చేసిన మందు. అంచు మీద కొట్టి, లేచిన కొద్దీ దాని కిందికి కొడుతూ పోవాలి. కొన్ని సెకన్లలో జిగురు పట్టు వదిలేస్తుంది. తర్వాత ఆ ద్రవం గాలికి ఆరిపోతుంది, జిడ్డు ఉండదు, వెంటనే అక్కడే కొత్త టేపు వేసుకోవచ్చు. మంట లేదు. స్ప్రే వద్దనుకుంటే అదే మందులో తడిపిన తుడుపుగుడ్డలు దొరుకుతాయి. చర్మం వైపు నుంచి చూస్తే నాలుగింటిలో ఇదే మేలు, అనుమానం లేదు. ఇబ్బందల్లా ధర, దొరకడం. మా వీధి చివరి మెడికల్ షాపులో అడిగితే నొప్పి తగ్గించే స్ప్రే తీసి ఇచ్చాడు. పొట్ట మీద సంచీ పెట్టుకున్నవాళ్ళకి స్టోమా బ్యాగులు అమ్మే చోట అడిగితే దొరికింది. కొనేముందు డబ్బా మీద సిలికాన్ అని ఉందో లేదో చూసుకోండి. టేపు తీసే మందుల్లోనే ఆల్కహాల్‌తో చేసినవీ ఉంటాయి, వాటికి అంత డబ్బు పెట్టి ఇంట్లో ఉన్న స్పిరిట్ కష్టమే కొనితెచ్చుకోవడం ఎందుకు?

మా లెక్క చివరికి ఇలా తేలింది. కట్టు మార్చే రోజుల్లో స్ప్రే, ఆఖరి రోజు కొబ్బరి నూనె, నిన్న వేసిన కాగితం టేపు అయితే తడి దూది. డబ్బు దగ్గర చూసుకునేవాళ్ళు స్ప్రే లేకుండా కూడా నెట్టుకు రావొచ్చు, చెయ్యి నెమ్మదిగా ఉంటే.

పారదర్శకమైన ఫిల్మ్ డ్రెస్సింగ్ సంగతి వేరు. దాన్ని మడవడం కన్నా సాగదీయడం మేలు. ఒక మూల లేపి, పైకి కాకుండా చర్మానికి సమాంతరంగా, పక్కకి సాగలాగాలి. సాగే కొద్దీ కింద జిగురు దానంతటదే విడిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు గారడీలా అనిపించింది.

ఇంట్లో చెయ్యి పెట్టకూడనివీ ఉన్నాయి. సెలైన్ సూదిని, యూరిన్ గొట్టాన్ని, కుట్లని పట్టి ఉంచిన టేపుల జోలికి మనం పోకూడదు. కత్తెరతో అసలు పోకూడదు. ముక్కు గొట్టం టేపు దగ్గర, అందులోనూ ఆక్సిజన్ పెట్టుకునే మనిషికి, నూనె, వ్యాసలిన్, స్పిరిట్ ఏవీ వద్దు. ఆక్సిజన్ దగ్గర అవి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇంత జాగ్రత్త పడినా చర్మం లేస్తే, లేచిన ముక్కని కత్తిరించెయ్యకండి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో మెల్లిగా అదిమి పట్టాలి. సెలైన్ నీళ్ళతో కడిగి, తడి దూదితో ఆ పొరని, దుప్పటి కప్పినట్టు, వెనక్కి దాని చోటికే జరపాలి. మీద పుండుకి అంటుకోని పారఫిన్ జాలీ గుడ్డ పెట్టి రోలర్ బ్యాండేజ్ చుట్టాలి, టేపు మాత్రం చర్మానికి తగలకూడదు. కట్టు మీద పెన్నుతో ఒక బాణం గుర్తు గీస్తారు, పొర ఎటు నుంచి ఎటు కప్పామో ఆ వైపుకే తర్వాత కట్టు విప్పాలని. ఆ గుర్తు చూసే మాకు రెండోసారి పొర లేవకుండా తప్పింది. నెత్తురు ఆగకపోయినా, పొర నల్లబడినా, చీము పట్టినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇన్ని రకాలు పోల్చాక నాకు అర్థమైంది, అసలు పోలిక టేపు వేసేటప్పుడే మొదలవ్వాలని. గుడ్డ ప్లాస్టర్ కన్నా కాగితం టేపు మేలు, దానికన్నా మెత్తటి సిలికాన్ జిగురు టేపు మేలు. అది తీసి మళ్ళీ అతికించినా ఊరుకుంటుంది. చేతికీ కాలికీ అయితే వీటన్నిటికన్నా రోలర్ బ్యాండేజే మేలు, టేపుని చర్మం మీద కాకుండా బ్యాండేజ్ మీదే అతికించొచ్చు. ఏ టేపైనా సాగదీసి వెయ్యకూడదు, తర్వాత అది ముడుచుకుంటూ చర్మాన్ని లాగి అంచుల్లో బొబ్బలు తెస్తుంది. వేసేటప్పుడే ఒక చివర చిన్న చెవిలా మడిచి ఉంచితే తీసేటప్పుడు గోరుతో గీరే పని తప్పుతుంది.

మొన్న షుగర్ పరీక్షకి నెత్తురు తీసుకోవడానికి ల్యాబు అబ్బాయి ఇంటికొచ్చాడు. సూది తీశాక జేబులోంచి బిళ్ళ ప్లాస్టర్ తీస్తున్నాడు. అత్తయ్యగారు చెయ్యి మడిచేసుకున్నారు. "అది వద్దు నాయనా, కాస్త దూదియ్యి చాలు. నేనే నొక్కి పట్టుకుంటాను." గడియారం చూసుకుని ఐదు నిమిషాలు పట్టుకుని కూర్చున్నారు.