నీళ్లలో తేలే ఆరు చక్రాల బండికి ఏ ఇంజన్ మేలు?

"మారుతి 800 ఇంజన్ చవగ్గా దొరుకుతోందన్నా, ఎక్కించేయమంటారా?" నేల మీదా నీళ్ల మీదా నడిచే బండిని ఇంటి దగ్గరే బాగుచేసుకుంటున్నవాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఇదే. మిర్యాలగూడ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఇంకొకరు, మొన్న కొల్లాపూర్ నుంచి మరొకరు. ఆటో డీజిల్ ఇంజన్ అయితే ఖర్చు కలిసొస్తుంది కదా అని కొందరి ఆలోచన. నా పాత ఆర్గోలో (అదీ ఇలా నేల మీదా నీళ్ల మీదా నడిచే ఆరు చక్రాల బండే) ఇంజన్ సీజ్ అయితే ఈమధ్యే వేరేది ఎక్కించాను. అది 389 సీసీ సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజన్, హోండా జీఎక్స్390. మార్కెట్లో 13 హార్స్‌పవర్ ఇంజన్ అంటారు గానీ కంపెనీ చెప్పే నికర లెక్క 11.7. పెద్ద జనరేటర్లకు, పంపులకు వాడేది ఇదే.

అందరూ హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడతారు. నేను బరువు దగ్గర మొదలుపెట్టాను. తేలే బండి తన బరువెంతో అంత నీటిని పక్కకు తొయ్యాలి. కిలో బరువు పెరిగితే లీటరు నీళ్లు తొయ్యాలి, అంటే ఆ మేరకు లోపలికి దిగాలి. నీటి గీత దగ్గర బండి వైశాల్యం రెండు చదరపు మీటర్లు అనుకోండి. ప్రతి 20 కిలోలకు ఒక సెంటీమీటర్ మునుగుతుంది. 80 కిలోలు అదనంగా ఎక్కిస్తే నాలుగు సెంటీమీటర్లు పోయినట్టే. కాగితం మీద ఇది చిన్న అంకె. చెరువులో గాలికి అలలు లేచినప్పుడు, పక్కనున్న మనిషి వల లాగడానికి ఒక వైపు ఒరిగినప్పుడు, అంచుకూ నీటికీ మధ్య మిగిలిన ఆ కాస్త ఎత్తే మనల్ని కాపాడేది.

అందుకే ఇంజన్ కొనకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో తూకమేసే సంచి 40 కిలోలు. అలాంటి సంచుల్లో ఇసుక నింపి, కాంటా మీద తూచి, ఇంజన్ కూర్చోవాల్సిన చోట పేర్చండి. నడుములోతు నీళ్లలో బండిని తాడు కట్టి దింపండి. ఇద్దరు ఎక్కి కూర్చోవాలి, లైఫ్ జాకెట్లు వేసుకుని. బయట నీరు తాకిన చోట మార్కర్‌తో నాలుగు మూలలా గీత గీయండి. ముందు గీత, వెనక గీత ఒకే ఎత్తులో లేకపోతే పెట్రోల్ ట్యాంకు, బ్యాటరీ ఎక్కడికి జరపాలో అప్పుడే తెలిసిపోతుంది. మౌంటింగ్ వెల్డింగ్ అయ్యాక తెలిస్తే మళ్లీ కట్టర్ పట్టుకోవాలి.

ఈ లెక్కతో చూడండి. హోండా ఇంజన్ నూనె, పెట్రోల్ పోయకముందు 32 కిలోల లోపే. మారుతి ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్‌పవర్. వినడానికి బాగుంటుంది. కానీ దానితో పాటు రేడియేటర్, అందులో నీళ్లు, పెద్ద బ్యాటరీ వస్తాయి. కారు గేర్‌బాక్స్ కూడా ఉంచుకుంటే మొత్తం క్వింటా దగ్గరికి పోతుంది. అదనంగా వచ్చిన ఆ శక్తి నీళ్లలో ఎందుకూ పనికిరాదు. టైర్ల మీది గాట్లే తెడ్లుగా నీటిని వెనక్కి నెడతాయి కాబట్టి ఈ బండ్లు గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోవు. చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పితే నీళ్లు చిమ్ముతాయే గానీ బండి ముందుకు ఉరకదు.

శక్తి నిజంగా కావాల్సింది బురదలో మలుపు తిప్పేటప్పుడు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయాక డిండి ప్రాజెక్టు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) గానీ, జూరాల డ్యాం వెనక గానీ మోకాటి లోతు రేగడి బురద మిగులుతుంది. అక్కడ పుట్టి తేలదు, ట్రాక్టర్ దిగబడుతుంది, మన బండి పోతుంది. కానీ ఒక పక్క చక్రాలను ఆపి రెండో పక్కవాటితో తిప్పే బండి కదా, జిగట రేగడిలో మలుపు తిరిగేటప్పుడు ఇంజన్ మూలుగుతుంది. చిన్న ఇంజన్‌కు ఇదే కష్టం, ఒప్పుకోవాల్సిందే. లో గేర్ వేసుకుని, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తిప్పితే ఈ హోండా ఇంజన్ చాలుతుంది. చెలకల్లోనైతే ఆ ఇబ్బందే ఉండదు.

డీజిల్ మీద నాకు గౌరవం ఉంది. ఆటోల్లో వచ్చే 435 సీసీ గ్రీవ్స్ ఇంజన్‌ను విప్పి బిగించే మెకానిక్ ప్రతి మండల కేంద్రంలో దొరుకుతాడు. తక్కువ తాగుతుంది. అన్నిటికంటే పెద్ద లాభం భద్రత. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి, నీళ్లు రాకుండా మూసిన బాడీలో అది అడుగున చేరి కూర్చుంటుంది. డీజిల్‌తో ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. అయినా నేను వద్దనుకున్నాను. అంతే శక్తికి బరువు ఎక్కువ, అదురు ఎక్కువ. పైగా బండిలో ఉన్న బెల్టు క్లచ్ ఇంజన్ ఆర్పీఎంను (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో దాన్ని) బట్టి పట్టుకునేది. అందులోని బరువులు, స్ప్రింగులు పాత ఇంజన్ వేగానికి కుదిర్చినవి. 3,600 ఆర్పీఎం పెట్రోల్ ఇంజన్‌కు వాటిని సర్దుకోవడం తేలిక. పవర్ టిల్లర్ డీజిల్ లాగా 2,400 దగ్గర పనిచేసేదైతే క్లచ్ సరిగ్గా పట్టక బెల్టు జారి కాలుతుంది. టిల్లర్ ఇంజన్‌ను ఇద్దరు మోయాలి కూడా, దాని గురించి ఇంతకంటే చెప్పను.

పెట్రోల్ ఎంచుకున్నవాళ్లు మూడు పనులు తప్పకుండా చేయాలి. స్టార్ట్ చేసే ముందు మూత తెరిచి, ఆవిరి పోయేదాకా ఆగాలి. పైపు క్లిప్పులు ప్రతిసారీ చూడాలి. రెండోది వేడి. ఈ ఇంజన్ గాలితోనే చల్లబడుతుంది, మన దగ్గర మే నెలలో ఎండ 45 దాకా పోతుంది. చల్లగాలి వచ్చే దారి, వేడిగాలి పోయే దారి రేకుతో విడివిడిగా కట్టకపోతే అదే వేడిగాలిని మళ్లీ పీలుస్తుంది. సైలెన్సర్ పక్కన ప్లాస్టిక్ బాడీ మెత్తబడుతుంది. మూడోది ఏటవాలు. ఈ ఇంజన్ 20 డిగ్రీలకు మించి వంగకూడదు. నిటారు చెరువు కట్ట ఎక్కేటప్పుడు నూనె తక్కువైందనుకుని సెన్సర్ దాన్ని ఆపేస్తుంది. ఆ వైరు పీకేయమని సలహా ఇస్తారు, వినకండి. నూనె అందక లోపల అరిగిపోతుంది. ర్యాంపు ఉన్న చోటే ఎక్కండి. నూనెను పంపుతో పైకి తోసే మారుతి ఇంజన్‌కు ఈ బాధ తక్కువ, అది దాని వైపు నిజమైన మార్కు.

బైక్ ఇంజన్ వద్దు. అది చల్లబడటానికి ఎదురుగాలి కావాలి, నీళ్లలో ఆ వేగం రాదు. బ్యాటరీ మోటారు శబ్దం లేకుండా బాగుంటుంది, కానీ బరువు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

బాడీ పగుళ్ల గురించి కూడా అడుగుతున్నారు. ఆర్గోది హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్, దానికి అరల్డైట్ జిగురు అంటదు. హెచ్‌డీపీఈ పైపులు, నీళ్ల ట్యాంకులు వేడిగాలితో అతికేవాళ్లకు ఇవ్వండి, అదే రకం కడ్డీతో అతుకుతారు. టైర్లలో గాలి రెండు మూడు పీఎస్‌ఐ మాత్రమే కాబట్టి సర్కారు తుమ్మ ముల్లు దిగితే వెంటనే తెలియదు, సీలెంట్ పోసి ఉంచండి.

ఇప్పటికే మారుతి ఇంజన్ కొనేసినవాళ్లు దాన్ని పడేయక్కర్లేదు. కారు గేర్‌బాక్స్ వదిలేసి, రేడియేటర్‌ను ఇంజన్‌కు ఎదురు కొసకు జరిపి, సీట్ల కింద ఖాళీల్లో నీరు పీల్చని ఫోమ్ నింపి, ఇసుక సంచుల పరీక్ష మళ్లీ చేయండి. గీత మరీ పైకి వస్తే ఆ బండిలో ఒక్క మనిషే ఎక్కాలి, నీళ్లు తోడే పంపుకు విడిగా స్విచ్ ఉండాలి.