వేరికోస్ వీన్స్‌కి కంప్రెషన్ స్టాకింగ్స్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

బట్టల షాపులో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే పని నాది. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాక, డాక్టరు నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీయించి, మోకాలి కిందిదాకా వచ్చే క్లాస్ 2 (మధ్యస్థంగా బిగించే రకం) స్టాకింగ్స్, అంటే కాలిని బిగించి పట్టే మేజోళ్లు రాశారు.

ఇవి ఉబ్బిన నరాలను పోగొట్టవు. విప్పి చూస్తే ఎక్కడివక్కడే ఉంటాయి. పైకి వెళ్లాల్సిన రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు లోపల పాడైతే, బయటి నుంచి ఎంత బిగించినా బాగుపడవు. అయితే సాయంత్రానికి కాళ్లు బరువెక్కి లాగేయడం, చీలమండ దగ్గర వాపు మాత్రం బాగా తగ్గాయి. నాకది చాలు.

తొడుక్కోవడమే పెద్ద తతంగం. కాళ్లు వాయకముందే, అంటే మంచం దిగకముందే వేసుకోవాలి. మడమ భాగం దాకా లోపలికి తిరగేసి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక అంట్లు తోమే రబ్బరు గ్లవుజులతో కొంచెం కొంచెంగా పైకి నిమరాలి. అంచు పట్టుకుని లాగితే చిరుగుతుంది. ఎక్కడైనా ముడత పడిందా, రాత్రికి అక్కడ ఎర్రటి చార తేలుతుంది. విజయవాడ మే నెల ఎండల్లో చెమట, దురద సరేసరి. వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం కాస్త నయం.

మా షాపు కుర్రాడు చేతుల మీద నరాలు చూపించి "అన్నా, నాకూ ఇవి కావాలా?" అని టెన్షన్ పడ్డాడు. బక్కపల్చటి ఒళ్లు, మూటలెత్తే పని, ఆపై వేసవి. నరాలు కనబడక ఏం చేస్తాయి! అది జబ్బు కాదు. భయపడాల్సింది వేరే ఉంది. ఒక కాలే హఠాత్తుగా వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. చీలమండ దగ్గర చర్మం నల్లబడుతున్నా, పుండు మానకపోయినా చూపించుకోవాలి. ఉబ్బిన నరం చిట్లి రక్తం కారితే పడుకుని, కాలు పైకెత్తి, గుడ్డతో గట్టిగా నొక్కిపట్టాలి.

షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లు డాక్టర్ని అడక్కుండా కొనొద్దు. మిగతావాళ్లూ చెప్పుల సైజు చెప్పి కొనేయకుండా చీలమండ, పిక్క చుట్టుకొలతలు టేపుతో కొలిపించుకోండి. చేత్తో ఉతికి నీడలో ఆరేసినా ఆరు నెలలకు బిగువు సడలుతుంది. సులువుగా ఎక్కేస్తున్నాయని సంబరపడకండి, కొత్త జత కొనే టైమొచ్చినట్టే.